నాయకత్వంలో న్యాయం, కనికరం: మీకా 6:8ను మనం చదువుతున్న తీరుపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

నాయకులను ఉద్దేశించి చేసే ప్రసంగాలలో తరచుగా వినబడే వాక్యభాగాలలో మీకా 6:8 ఒకటి. అభిషేక ఆరాధనలలోను, పాస్టర్ల సదస్సులలోను, ఎన్నికల ముందు జరిగే ప్రార్థన కూడికలలోను దీనిని వింటుంటాము. ప్రసంగం సాధారణంగా ఒకే దారిలో నడుస్తుంది. న్యాయం తక్కెడలో ఒక పళ్లెం, కనికరం మరొక పళ్లెం; మంచి నాయకుడు రెంటినీ సరితూచగలవాడు. న్యాయం మితిమీరితే కఠినత్వం, కనికరం మితిమీరితే బలహీనత. చివర దీనత్వం గురించి రెండు మాటలు చెప్పి ప్రార్థనతో ముగిస్తాము. మేము కూడా ఇలాగే ప్రసంగించినవారమే.

ఈ వ్యాసంలో ఆ పఠనాన్ని పరీక్షించదలిచాము. ప్రవక్త న్యాయాన్ని, కనికరాన్ని ఒకదానికొకటి ఎదురుగా తక్కెడలో పెట్టలేదనీ, న్యాయానికి బదులుగా ఇచ్చే కనికరాన్ని ఆయన కనికరంగా ఎంచలేదనీ మా వాదం. మన పొరపాటుకు కొంత కారణం మన తెలుగు మాటలలో, మరికొంత మన అలవాటులో ఉన్నది. ఆ పొరపాటు వలన ఎవరు నష్టపోతున్నారో తెలుసుకోవడానికి విశాఖపట్నం అనుభవాన్ని ఈ వాక్యం ప్రక్కన ఉంచి చూస్తాము.

మూల పదాలు, తెలుగు పదాలు

తెలుగు బైబిలు చరిత్రలో విశాఖపట్నానికి ప్రత్యేక స్థానం ఉంది. 1805లో ఈ పట్టణానికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ సేవకులు జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ సహాయంతో అనువాదం ఆరంభించారు. ఆ కృషి ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తరువాత అనేకుల శ్రమవలన సంపూర్ణ తెలుగు బైబిలు మన చేతికి వచ్చింది. ఆ శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే అనువాదాన్ని గౌరవించేవారే దానిని మూలంతో పోల్చి చూడవలసినవారు.

మీకా 6:8లో మూడు క్రియలున్నాయి. మొదటిది ‘అసోత్ మిష్పాత్’, అనగా న్యాయం చేయుట. మనం వాడే తెలుగు బైబిలులో ఇది న్యాయముగా నడుచుకొనుట అయినది. తేడా చిన్నదిగా కనబడవచ్చు. న్యాయముగా నడుచుకొనుట నా ప్రవర్తనకు సంబంధించినది. నేను ఎవరికీ అన్యాయం చేయకుండా ఉంటే చాలు. న్యాయం చేయుట నా ఎదుట నిలిచిన మరొకనికి సంబంధించినది. అతనికి జరిగిన అన్యాయం సరిదిద్దబడే వరకు అది పూర్తి కాదు. లంచం ముట్టని అధికారి న్యాయముగా నడుచుకొన్నాడనవచ్చు. కాని పదేళ్లుగా బల్లమీద ఉన్న విధవరాలి దరఖాస్తును అతడు తెరిచి చూడకపోతే న్యాయం చేయలేదు. నడుచుట అనే క్రియ హెబ్రీలో నిజానికి మూడవ భాగంలో, దేవునితో నడుచుట అనే చోట ఉన్నది. మన అనువాదంలో అది మొదటి భాగానికి వచ్చి చేరింది.

రెండవది ‘అహవత్ హెసెద్’. ఇక్కడ ‘హెసెద్’ను కనికరం అన్నారు. 136వ కీర్తనలో ప్రతి వచనం చివర వచ్చే అదే పదాన్ని కృప అన్నారు. రూతు 1:8లో దయ అన్నారు. సందర్భాన్నిబట్టి మాట మారడం సహజమే. అయితే కనికరం అనగానే మనకు తోచేది పైనున్నవాడు క్రిందనున్నవానిని చూచి పడే జాలి. దానిని చూపించవచ్చు, చూపించకపోవచ్చు. అడిగే హక్కు ఎవరికీ లేదు. ‘హెసెద్’ అలాంటిది కాదు. అది బాంధవ్యంలో, నిబంధనలో పుట్టే నమ్మకత్వం. యోనాతాను దావీదును ‘హెసెద్’ అడిగినప్పుడు భిక్ష అడగలేదు, చేసిన ప్రమాణాన్ని జ్ఞాపకం చేశాడు (1 సమూ. 20:14-17). కాబట్టి ‘హెసెద్’ మాట నిలుపుకొనే ప్రేమ. అది న్యాయాన్ని దాటి వెళ్తుంది గాని న్యాయాన్ని తప్పించుకొని వెళ్లదు.

మీకా ఎవరితో మాట్లాడుచున్నాడు?

ఆరవ అధ్యాయాన్ని మిగిలిన గ్రంథం నుండి విడదీసి చదవడం మన రెండవ పొరపాటు. మీకా యెరూషలేము వాడు కాడు, మోరెషెతు అనే పల్లెవాడు. ఆయన ఫిర్యాదు భూమితో మొదలవుతుంది. రాత్రి పడకమీద పథకం వేసి, చేతిలో అధికారం ఉన్నది గనుక ఉదయాన్నే పొలాలను, ఇండ్లను ఆక్రమించుకొనేవారిని ఆయన గద్దిస్తాడు (2:1-2). న్యాయం ఎరిగి ఉండవలసిన బాధ్యత ప్రధానులదని మూడవ అధ్యాయం ఆరంభంలో నిలదీస్తాడు. ప్రధానులు లంచానికి తీర్పు తీరుస్తున్నారు, యాజకులు కూలికి బోధిస్తున్నారు, ప్రవక్తలు ద్రవ్యానికి సోదె చెప్తున్నారు, అయినా యెహోవా మా మధ్య ఉన్నాడని అందరూ ధైర్యంగా ఉన్నారు (3:11). మనం ఎత్తి చదివే వాక్యం తరువాత వచ్చేది పట్టణంలోని తప్పుడు తూకాల సంగతి (6:9-12). తక్కెడను సరితూచే నాయకుని గురించి మనం ప్రసంగిస్తున్నాము. ప్రవక్త మాత్రం తక్కెడే తప్పుడుదని చెప్పుచున్నాడు.

ఉక్కునగరం చెప్పే సాక్ష్యం

1966లో తెలుగువారు ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని నినదించారు. ఆ ఏడాది నవంబరు 1న విశాఖపట్నంలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ నినాదంలోని మాట దయ కాదు, హక్కు అని గమనించాలి.

కర్మాగారం కోసం 64 గ్రామాల ప్రజలు భూమిని, ఇండ్లను విడిచారు. ఉద్యోగానికి అర్హతగా నిర్వాసిత కుటుంబాలకు ‘ఆర్ కార్డులు’ ఇచ్చారు. కొన్ని వేలమందికి ఉద్యోగాలు వచ్చాయి. అనేకులకు రాలేదు; కార్డు పట్టుకొని ఎదురుచూచినవారి వయస్సు దాటిపోయింది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఈ సంస్థలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదించినప్పుడు, ప్రజల అవసరం కోసమని ఇచ్చిన భూమి సంగతి ఏమిటన్న ప్రశ్న మళ్లీ లేచింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అది కర్మాగారానికి సంబంధించినది. ఆర్ కార్డు వెనుక ఉన్న మాట దానికంటె పాతది. ఆ కార్డుదారుడు జాలిని కోరడంలేదు. ఇచ్చిన మాట నిలుపుకొమ్మంటున్నాడు. హెబ్రీ భాషలో చెప్పాలంటే అతడు ‘మిష్పాత్’నూ ‘హెసెద్’నూ ఒకేసారి అడుగుచున్నాడు.

రెండవ సాక్ష్యం ఆర్.ఆర్. వెంకటాపురం. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్న గ్రామాలను కమ్ముకొన్నది. 12 మంది మరణించారు, వందలాదిమంది ఆసుపత్రుల పాలయ్యారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి అదే రోజు ప్రకటించారు. ఆ మొత్తం ప్రభుత్వ ఖజానా నుండి వచ్చింది. దుఃఖంలో ఉన్నవారికి ఆలస్యం లేకుండా చేసిన ఆ సహాయాన్ని మేము తక్కువ చేయము.

అయితే ఆ మాటను వేదాంత విద్యార్థులు గమనించాలి. ఎక్స్‌గ్రేషియా అనే లాటిన్ మాటకు అర్థం ‘కృపనుబట్టి’. చట్టపరమైన బాధ్యతను ఒప్పుకొనకుండా, దయతో ఇచ్చే సొమ్ము అది. నష్టపరిహారం వేరు, అది చెల్లించవలసిన బాకీ. మరునాడే, మే 8న, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించింది. ప్రమాదకర పరిశ్రమ వలన కలిగిన హానికి ఆ పరిశ్రమదే కఠిన బాధ్యత (స్ట్రిక్ట్ లయబిలిటీ) అనే సూత్రాన్ని వర్తింపజేసింది. 1985లో ఢిల్లీలో జరిగిన ఒలియం వాయువు లీకు కేసులో సుప్రీంకోర్టు దానికంటె గట్టిదైన సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని స్థాపించింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదిక భద్రతా ఏర్పాట్లలోని లోపాలనూ, ప్రజలను హెచ్చరించవలసిన సైరన్ మోగకపోవడాన్నీ ఎత్తి చూపింది. ఆ తరువాత సంస్థ ప్రధాన అధికారితో సహా 12 మందిని అరెస్టు చేశారు.

కాబట్టి ఒకే విపత్తులో రెండు లెక్కలున్నాయి. ఒకటి కన్నీరు తుడిచే లెక్క. రెండవది సైరన్ ఎందుకు మోగలేదని అడిగే లెక్క. ఆ దినాలలో మన ప్రసంగవేదికల మీద మొదటి లెక్క గురించి ఎంత మాట్లాడాము? రెండవదాని గురించి ఎంత మాట్లాడాము? బాధితుల కొరకు ప్రార్థించాము, అది మంచిదే. న్యాయం కొరకు ప్రార్థించినవారు మనలో ఎందరు?

ఇద్దరు నాయకులు: దావీదు, జక్కయ్య

లేఖనాలు ఈ రెండు లెక్కలను కలిపివేయవు. యోనాతానునుబట్టి మెఫీబోషెతుకు ‘హెసెద్’ చూపగోరిన దావీదు రెండు పనులు చేశాడు. సౌలు భూములన్నిటినీ అతనికి తిరిగి ఇప్పించాడు, తన బల్లయొద్ద చోటిచ్చాడు (2 సమూ. 9:7). ప్రసంగాలలో మనం బల్లను జ్ఞాపకముంచుకొని భూమిని మరచిపోతాము. అయితే కథ అక్కడ ముగియలేదు. తరువాత సీబా చెప్పిన ఒక్క మాట విని, రెండవ పక్షాన్ని విచారింపకుండా, అదే రాజు ఆ ఆస్తి అంతా సీబాకు ఇచ్చివేశాడు (16:1-4). మెఫీబోషెతు వచ్చి తన సంగతి చెప్పుకొన్నప్పుడు, విసుగుతో భూమిని ఇద్దరికీ పంచమన్నాడు (19:29). అంతా సీబానే తీసికొననిమ్మన్న మెఫీబోషెతు దీనత్వాన్ని మనం పొగడుతాము. రాజు చేసిన తీర్పును మాత్రం ప్రశ్నించము. విచారణ లేనిచోట దావీదువంటివాని ‘హెసెద్’ కూడా నిలువలేదు.

జక్కయ్య దీనికి భిన్నంగా కనబడతాడు. అతడు సుంకపు గుత్తదారుల పెద్ద, అధికారమున్న నాయకుడు. యేసు తన ఇంటికి వచ్చినప్పుడు అతడు రెండు లెక్కలు వేర్వేరుగా చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకు; అన్యాయంగా తీసికొన్నదానికి నాలుగింతలు (లూకా 19:8). మొదటిది కనికరం. రెండవది బాకీ, దొంగిలించిన గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలనే ధర్మశాస్త్ర నియమానికి సరిపోయినది (నిర్గమ. 22:1). బీదలకు సగమిచ్చాను గనుక మోసపోయినవారు ఇక అడుగకూడదని అతడు అనలేదు.

ఒక అభ్యంతరం

కృపచేత రక్షింపబడిన మనం ఇలా లెక్కలడగడం సువార్తకు విరుద్ధం కాదా అని కొందరు సేవకులు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయలేము. జవాబు పౌలు దగ్గరే ఉన్నది. పనిచేసినవానికిచ్చే జీతం ఋణమేగాని దానం కాదని రోమా 4:4లో ఆయన భావం. కృపను గూర్చిన ఆయన వాదమంతా ఈ భేదం మీద ఆధారపడి ఉన్నది. కూలివానికి జీతమిచ్చి దానిని దానమంటే, జీతం చెడిపోవడమే కాదు, దానం అనే మాట కూడా చెడిపోతుంది. దేవుడు మనకు బాకీపడలేదు గనుకనే ఆయన ఇచ్చినది కృప. పరిశ్రమ తన వలన నష్టపోయినవారికి బాకీపడి ఉన్నది. ఆ బాకీకి కృప అని పేరుపెట్టడాన్ని మనం మౌనంగా అంగీకరిస్తే, ఆదివారం మనం ప్రకటించే కృప వినేవారికి ఏమని అర్థమవుతుంది? న్యాయం కొరకు మాట్లాడడం కృపా సిద్ధాంతాన్ని కాపాడే పనిలో భాగమని మా అభిప్రాయం.

సంఘ నాయకత్వానికి అన్వయం

ప్రభుత్వాన్ని, పరిశ్రమను పరీక్షించిన కొలతతో మనలను మనం కొలుచుకొనకపోతే ఈ విమర్శ సంపూర్ణం కాదు. మన సంస్థలలో పనిచేసే కాపలాదారులకు, వంటవారికి, బైబిలు స్త్రీలకు నెల జీతం ఆలస్యమవుతుంది. క్రిస్మసుకు మాత్రం చీర, ధోవతి ఇచ్చి ఫోటో తీస్తాము. పల్లె సంఘాల సువార్తికునికి రావలసినది నిలిపి, జబ్బుచేసినప్పుడు సహాయనిధి పంపుతాము. అతడు కృతజ్ఞతతో ఉత్తరం వ్రాస్తాడు. ఆ ఉత్తరం చదివి మనం కనికరంగల నాయకులమనుకొంటాము. ఇవి ఒక్క సంస్థ సంగతులు కావు. మేము ఎరిగిన పలుచోట్ల, మా మధ్య కూడా, జరిగినవే. మీకా యాజకులను ప్రధానుల ప్రక్కనే నిలబెట్టడం ఊరక జరగలేదు.

కాబట్టి ఏ నాయకుడైనా, ఏ కమిటీ అయినా సహాయం పంచబోయే ముందు మూడు ప్రశ్నలు వేసికొనడం మేలు. ఈ మనిషికి మనం ఏమైనా బాకీ ఉన్నామా? అతనికి ఏదైనా మాట ఇచ్చామా? అతని పక్షం విన్నామా? ఇవి తేలిన తరువాత ఇచ్చేది కనికరం. తేలకముందు ఇచ్చేది మంచి మనస్సుతో ఇచ్చినదైనా, అడుగవలసిన నోటిని మూయించే ప్రమాదం ఉంది.

ముగింపు

యేసు ధర్మశాస్త్రంలో ప్రధానమైనవాటిని చెప్పినప్పుడు న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వరుసగా పేర్కొన్నాడు. ఒకదానికి బదులుగా ఒకటి అనలేదు (మత్తయి 23:23). పుదీనాలోను సోపులోను పదవవంతు లెక్కకట్టిన చేతులే అసలు లెక్కను మరచిపోయాయని ఆయన బాధ. ఈసారి మీకా 6:8 మీద ప్రసంగం సిద్ధపరచుకొనేటప్పుడు, మొదటి భాగాన్ని ‘న్యాయం చేయుట’ అని ఒకసారి చదివి చూడవలసిందిగా తోటి సేవకులను కోరుచున్నాము. ఆర్ కార్డు ఇంకను పెట్టెలో దాచుకొన్న కుటుంబం, ఆ తెల్లవారుజామున సైరన్ వినని కుటుంబం మన సంఘపు బల్లలమీద కూర్చొని ఉండవచ్చు. వారు వినేటట్లు ఆ మాటను చెప్పడం మన బాధ్యత.