శోకగీతికి సుఖజీవనము బాధకమా?

సుఖముననున్న గాయకునకును గవికిని శోకము పలుకునా యను శంక పాతదే. కష్టపడినవానికిఁ గాని కరుణము సిద్ధింపదనువారు కంచెర్ల గోపన్నను దృష్టాంతముగాఁ జూపుదురు. 17వ శతాబ్దమున గోలకొండ చెఱలో నతఁడు పడిన వేదనయే రామదాసకీర్తనల యార్తికి మూలమని వారి వాదము. ఇది యొక యుదాహరణమగును గాని నియమము కానేరదు.

దీనికిఁ బ్రత్యుదాహరణము తిక్కన. సూళ్లూరుపేటకు నుత్తరమున సుమారు 100 కిలోమీటరుల దూరముననున్న నెల్లూరే 13వ శతాబ్దమున నతఁడు మనుమసిద్ధికి మంత్రియై వెలసిన విక్రమసింహపురి. మనుమసిద్ధి రాజ్యము గోల్పోఁగా నతఁడు గణపతిదేవుని సాయము వేఁడ నోరుగల్లునకుఁ బోయెనను కథ గలదు. కావునఁ గష్టమే యెఱుఁగఁడనరాదు. అయినను నూర్వురు కొడుకులఁ గోల్పోయిన గాంధారి దుఃఖము నతఁ డనుభవించి వ్రాసినవాఁడు కాఁడు. రాజగౌరవమునొంది, యజ్ఞము చేసి సోమయాజియైనవాని గంటముననే స్త్రీపర్వవిలాపము వెలువడెను.

ఇచట నొక యాక్షేపము పుట్టవచ్చును. నిర్వచనోత్తరరామాయణమునఁ దిక్కన రామనిర్యాణమును విడిచెను. పిదప జయంతి రామభట్టు దానిని బూరించెను. సుఖజీవి యగుటచేతనే దుఃఖాంతమును జెప్పఁజాలఁడయ్యెనందురేమో! అది పొసఁగదు. ఆ కృతికి భర్త మనుమసిద్ధి. బ్రదికియున్న రాజున కంకితమిచ్చు కావ్యమును నాయకనిర్యాణముతో ముగించుట మంగళము గాదని తలఁచెననుటయే సమంజసము. హరిహరనాథున కంకితమైన భారతమున నా నిర్బంధము లేదు గనుకనే మౌసల మహాప్రస్థానిక పర్వములను నతఁడు సంకోచింపక చెప్పెను.

శాస్త్రమును నిట్లే యున్నది. భరతుఁడు కరుణమునకు గాంధారనిషాదములను విధించెనే కాని గాయకుఁడు దుఃఖితుఁడై యుండవలెననలేదు. క్రౌంచవధఘట్టమున శోకము మునికిఁ జెందినదని తలఁపరాదని యభినవగుప్తుఁడు లోచనమున హెచ్చరించెను. తానే శోకమున మునిఁగినవానికి శ్లోకరచన పొసఁగదు గదా! గానమునను నంతియే: నిజముగా నేడ్చువాని కంఠము గద్గదమై శ్రుతి తప్పును. సూళ్లూరుపేటకుఁ బడమటనున్న చిత్తూరుసీమ భారతోత్సవములలో హరికథకుఁడు శ్రోతలను గంటఁ దడి పెట్టించి, మఱుక్షణముననే పిట్టకథతో నవ్వింపఁగలుగుట కిదియే హేతువు.

కావునఁ గళాకారునకు వలయునది పరదుఃఖమునఁ గరఁగు హృదయమును, కరఁగియుఁ బట్టు తప్పని శిక్షయును. సుఖము వీనికి రెంటికిని విరోధి గాదు. స్త్రీపర్వమును బోధించు నుపాధ్యాయులు కవి యేయే కష్టములు పడెనో వెదకుటకంటె, నా పద్యముల నడక వినువారి నెట్లు కరఁగించుచున్నదో విద్యార్థులకుఁ జదివి చూపుట మేలు.