చలికాలానికి పని ఉన్న ఊరు

గ్రీసులోని సిరోస్ ద్వీపపు ముఖ్యపట్టణం ఎర్ముపోలి. ఎర్నెస్ట్ జిల్లెర్ నమూనాతో కట్టిన భారీ టౌన్‌హాలు, పాలరాయి పరిచిన కూడలి, 1864లో తెరిచిన అపోలో థియేటరు చూసి మురిసే యాత్రికుడికి అదే రేవులోని నియోరియన్ షిప్‌యార్డు కంట్లో నలుసే. క్రేన్లు, తుప్పు గీకే రొద, ఫ్లోటింగ్ డాకులో పైకి లేచిన ఓడ అడుగుభాగం. దీన్ని ఇంకెక్కడికైనా తరలిస్తే బాగుండుననిపించడం సహజం. నాకు మాత్రం ఆ రొద ఉండబట్టే ఈ ఊరు సినిమా సెట్టింగులా మారకుండా ఊరుగానే మిగిలిందనిపిస్తుంది.

ఎర్ముపోలి పుట్టుకే పనితో ముడిపడింది. 1820లలో, గ్రీకు స్వాతంత్ర్య యుద్ధకాలంలో, కియోస్, ప్సారా ద్వీపాల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ దిగారు. కొండమీది అనో సిరోస్ కేథలిక్కులకు ఫ్రాన్సు అండ ఉండటంతో ద్వీపం యుద్ధానికి ఎడంగా ఉండగలిగింది. ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న ఆ కాందిశీకులు వెంట తెచ్చుకున్న ఆస్తి వర్తకం, ఓడల పని. ఊరికి వ్యాపార దేవుడైన హెర్మిస్ పేరే పెట్టుకున్నారు, ఏ మొహమాటమూ లేకుండా! 1861లో నియోరియన్ వచ్చింది. తర్వాత పిరేయస్ రేవు ఎదిగి వ్యాపారాన్ని లాగేసుకున్నా ఓడలు బాగుచేసే విద్య ఇక్కడ నిలిచింది. 1970లలో ఎన్‌ఫీల్డ్ ఎలక్ట్రిక్ కార్లను కూడా ఈ ద్వీపంలోనే తయారుచేశారు.

ఊరిని నిలబెట్టింది యార్డు కాదు, సర్కారు ఆఫీసులని ఒక వాదన. ఇందులో నిజముంది, దక్షిణ ఏజియన్ ప్రాంతానికి పాలనాకేంద్రం ఇదే. అయితే ఆఫీసులు వెతుక్కుంటూ వచ్చింది అప్పటికే వర్తకంతో బలిసిన పట్టణాన్ని. పైగా ఆఫీసు జీతమిస్తుంది గానీ వెల్డింగు నేర్పదు. టూరిజంలో ఇంతకన్నా తేలికైన డబ్బుంది కదా అని మరొకరు అడగవచ్చు. ఉంది, వేసవిలో. మికొనోస్, సాంటొరినీల్లో చలికాలం రాగానే చాలా హోటళ్లు మూతపడతాయి. ఇక్కడి యార్డు లెక్క తిరగేసి ఉంటుంది. వేసవంతా యాత్రికులను మోసిన ఫెర్రీలు రద్దీ తగ్గాక ఏటేటా మరమ్మతుకు వచ్చేది చలికాలంలోనే. పక్క ద్వీపాల్లో పని ఆగే నెలల్లో ఇక్కడ ఫిట్టరుకు చేతినిండా పని.

యార్డులు దివాళా తీయవా అంటే, తీస్తాయి. నియోరియన్ కూడా మూతపడి మళ్లీ తెరుచుకున్నదే. రంగు, తుప్పు పొడి గాలిలో కలవకుండా చూడమని దాన్ని నిలదీయడమూ న్యాయమే. యార్డే వద్దనడం మాత్రం వేరే మాట. ఆ ఫెర్రీలను బాగుచేసే చోటు ఎక్కడో ఒకచోట ఉండాల్సిందే, ద్వీపాలకు యాత్రికులు రావాలన్నా సరే.