'ది డెయిలీ షో': అధిక్షేపము, పురస్కారము

అమెరికాలో 1996లో ఆరంభమైన 'ది డెయిలీ షో' అను రాత్రివేళ వార్తాప్రహసనము, 1999లో జాన్ స్టూవర్టు సూత్రధారియైన పిదపనే రాజకీయాధిక్షేపముగా పరిణమించినది. నాయకుడు నేడు పలికినదాని ప్రక్కన ఆతడే నాడు పలికినదానిని చూపి యూరకుండుట దీని ముఖ్యసాధనము. ఇది వ్యాజస్తుతి కాదు, పూర్వాపరవిరోధ ప్రదర్శనము. (వ్యాజస్తుతి యిచటినుండి వెడలిన స్టీఫెన్ కోల్బర్టు మార్గము.)

2000, 2004 ఎన్నికల ప్రసారములకు పీబడీ పురస్కారములు వచ్చినవి. 2003 మొదలు 2012 వరకు వరుసగా పదియేండ్లు లభించిన ఎమ్మీ మాత్రము వినోదప్రదర్శనల వర్గమునకు చెందినది. తాను కేవలము హాస్యగాడనని స్టూవర్టును పలుమారులు చెప్పుకొనెను. ఆ మాట మాకు సమ్మతము కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల పిదప సహాయకార్యములలో రోగగ్రస్తులైనవారి చికిత్సకుద్దేశించిన బిల్లు 2010 డిసెంబరులో సెనేటునందు నిలిచిపోగా, ఆయన అట్టివారిని నలుగురిని వేదికపై కూర్చుండబెట్టి మాటలాడించెను. వారము తిరుగకమునుపే బిల్లు నెగ్గినది. కారణమిదియొక్కటే యనజాలము గాని, ఆ రాత్రి సంభాషణలో హాస్యము మిక్కిలి స్వల్పము.