వర్ణములు లేని వర్ణక్రీడ

రంగుతో రంగును జతపరచుటయే ప్రాణముగా గల క్రీడను, రంగులే చూపలేని యంత్రమునకు మార్చుట సాహసము. జపానునందలి నిన్‌టెండో సంస్థ 1990లో ‘డాక్టర్ మారియో’ విషయమున అట్టి సాహసమే చేసినది. ఇంటి టెలివిజనుపై ఆడు ప్రతిలో ఎరుపు, పసుపు, నీలము కలవు. అరచేత ఇముడు ‘గేమ్ బాయ్’ తెరకు నాలుగు ఛాయలే గతి. కావున ఆ మూడు రంగులును నలుపు, తెలుపు, బూడిద ఛాయలుగా పరిణమించినవి.

క్రీడావిధానము సులభము. 8 గడుల వెడల్పు, 16 గడుల ఎత్తు గల సీసాలో రోగక్రిములు నిలిచియుండును. రెండు సగములు గల మాత్రలు పైనుండి ఒక్కొక్కటిగా పడుచుండును. ఒకే ఛాయ గలవి అడ్డముగనో నిలువుగనో నాలుగు చేరినచో మాయమగును. క్రిములన్నియు నశించినచో మెట్టు ముగియును. 0వ మెట్టున క్రిములు 4 మాత్రమే. 20వ మెట్టున 84.

ఇందలి సూక్ష్మము గమనింపదగినది. ఈ క్రిములు వృద్ధి పొందవు, చోటు మారవు. ఆటగానిని ఓడించునది రోగము కాదు, మందే. ఒక సగము పనికివచ్చి రెండవ సగము మిగిలిపోవును; తొందరపాటున వేసిన మాత్రలు పేరుకొని సీసా మూతిని మూసివేయును. వైద్యుని అవివేకమే రోగికి మృత్యువగునను సత్యమును ఒక్క మాటయైన పలుకక ఈ క్రీడ బోధించుచున్నది. ‘టెట్రిస్’లో ఖాళీ స్థలమును కాపాడుకొనుటయే పని; ఇచట ముందే ఉన్న చిక్కును విప్పవలెను. అందుచే దీనికి ముగింపు కలదు, ఆ ముగింపున తృప్తియు కలదు.

దోషములు లేకపోలేదు. నాటి గేమ్ బాయ్ తెరకు సొంత వెలుగు లేదు. మసక వెలుతురున బూడిద ఛాయ నలుపుగా భ్రమ గొలుపును. తన తప్పు కాకయే ఆటగాడు ఓడును. రంగుల ప్రతిలో ఈ అన్యాయము లేదు. హిరోకజు తనాకా కూర్చిన ‘ఫీవర్’, ‘చిల్’ అను రెండు బాణీలు ఇంపైనవే గాని, దీర్ఘకాలము ఆడువారికి రెండే చాలవు.

అయినను ఈ చిన్న ప్రతి పెద్దదానికి వట్టి నీడ కాదు. సమానమైన వానిని సమానమైన వానితో చేర్చుటయే ఆటకు మూలము. రంగు దానికి ఒక గుర్తు మాత్రమే. గుర్తు మారినను సంబంధము చెడలేదు. పైపెచ్చు, రంగుల భేదము తెలియని కన్నులకు సయితము వెలుగునీడల భేదముచే ఈ క్రీడ అందుబాటైనది. పోగొట్టుకొన్నది అలంకారము; నిలుపుకొన్నది ప్రాణము.