బల్ల ఎత్తున వెలుతురు

పటాన్‌చెరు, పాశమైలారం వైపు కట్టబోయే ఆఫీసు బ్లాకులో, పునాది తవ్వకముందే ఏడాది పగళ్లన్నీ చూసేసే మనుషులుంటారు. వాళ్ల పనంటే నాకు ఎంతో గౌరవం. భవనం నమూనాను కంప్యూటర్లో నిలబెట్టి, నేలకు 0.8 మీటర్ల పైన, అంటే రాసుకునే బల్ల ఎత్తున, చదరపు మీటరుకు కనీసం ఒక చుక్క పెడతారు. గోడలు 50 శాతం, సీలింగు 70, నేల 20 శాతం వెలుతురును తిప్పికొడతాయని లెక్క. దగ్గర్లో అడ్డొచ్చే షెడ్డునూ వేపచెట్టునూ కూడా గీయాల్సిందే. ఆపైన రోజుకు 8 గంటల చొప్పున 2,920 గంటలు సూర్యుణ్ని నడిపిస్తారు. 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి ప్రకారం, ఆఫీసులో కనీసం 40 శాతం జాగాలో, పగటి వేళల్లో 90 శాతం సేపు, 100 నుంచి 2,000 లక్సుల వెలుతురు ఉండాలి. అంతకు తగ్గితే మసక, మించితే కళ్లు జిగేల్. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది జూన్ లెక్క. ఉత్తరపు కిటికీకి ఎండ రాదని మన ధీమా. కానీ ఇక్కడ మే నడిమి నుంచి జూలై చివరిదాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరుగుతాడు; సాయంత్రం ఎండ ఏటవాలుగా ఆ కిటికీలోకే దూరుతుంది. తెర మీద ఆ మూల ఎర్రబడగానే మోడలింగ్ చేసే అమ్మాయి కిటికీకి పడమటి పక్కన నిలువు పలక ఒకటి పెట్టి, ఏడాదిని మళ్లీ మొదలుపెడుతుంది. చాలకపోతే జానెడు వెడల్పు పెంచుతుంది. రేపు ఆ కిటికీ పక్కన కూర్చునే గుమస్తా నాలుగింటికి కూడా ట్యూబ్‌లైటు వేయకుండా, కళ్లు చికిలించకుండా రికార్డు రాసుకుంటాడు.