రోగము – రూపకము

కర్కటరోగమను పేరే యుపమానమునుండి పుట్టినది. వ్రణముచుట్టు నుబ్బిన సిరలు పీతకాళ్లవలె నుండునని ప్రాచీన యవనవైద్యుఁడు గాలెను వ్రాసెను. తెనుఁగువారు దీనిని రాచపుండనిరి. పేరు పెట్టుటలో దోషము లేదు. ఆ యారోపము వ్రణమును విడిచి రోగి స్వభావముమీఁదికిఁ బ్రాఁకినపుడే యనర్థము. అమెరికా విమర్శకురాలు సూసన్ సాంటాగ్ 1978లోఁ బ్రకటించిన ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ అను గ్రంథమునందలి వాదమిదియే.

కోపాదులను లోలోన నణఁచుకొన్నవారికే యీ వ్యాధి వచ్చునను మతము నామె ఖండించినది. ఫ్రాయిడు దవడవ్రణమునకు నాతని నిస్పృహయే మూలమని విల్‌హెల్మ్ రైఖ్ చెప్పెనఁట! ఇట్టి మాటలు విన్న రోగి దేహబాధకుఁ దోడు "నా మనసే నన్నుఁ జంపుచున్నది" యను భారమును గూడ మోయును. సిగ్గుపడి రోగమును దాఁచును. సాంటాగు తాను స్తనరోగమునకుఁ జికిత్స పొందియు నీ గ్రంథమున నామాట యెత్తలేదు. ఈ సంయమము మెచ్చఁదగినది.

సుశ్రుతుఁడు కుష్ఠమునకుఁ బాపకర్మలను హేతువులుగాఁ జెప్పినను, అర్బుదమునకు వాతాదిదోషములనే చెప్పెను. మాంసార్బుదమునకు పిడికిటిపోటును గూడఁ జేర్చెను. వ్యాకరణమున నింకొక విశేషము. రుజార్థకధాతువులకు భావవాచకము కర్తయైనపుడు కర్మకు శేషషష్ఠిని పాణిని విధించెను. అనఁగా రోగమే కర్త, రోగి కర్త గాఁడు. తెనుఁగునను "నాకు రోగము వచ్చె"నని షష్ఠియే. అయినను కాశికాకారు లుదాహరణమునకు దొంగను రోగిగాఁ దెచ్చిరి! హింసార్థకసూత్రమునందును దొంగయే కనఁబడును గావున నిది పరిపాటియే కావచ్చును. కాని బాధితుఁడనఁగానే దోషి తోఁచుట యెంత యలవాటైనదో యీ పరిపాటియే తెలుపుచున్నది.

రోగచింతన రూపకము నెంత విడిచిన నంత మేలనుట మాత్రము సమ్మతము గాదు. ఆరోగ్యవంతుల రాజ్యము, రోగుల రాజ్యమని రెండింటిని గల్పించి, ప్రతివాఁడు నుభయత్ర పౌరుఁడని గ్రంథారంభమున నామెయే వ్రాసినది. అది రూపకము గాక మఱేమి?

మఱియొక లోపము గురుతరము. పొగత్రాగుట ఊపిరితిత్తుల రాచపుండునకు హేతువగుట సిద్ధము. అట్టి రోగితో "నీ చేఁత యేమియు లేదు" అనుట యూఱటయే కాని సత్యము గాదు. త్రాగినవారికందఱికిని రాదు, త్రాగనివారికిని వచ్చును. కావున నది కారణసామగ్రిలో నొక భాగము మాత్రమే. హేతువైనంతమాత్రమున నపరాధము గాదను నీ భేదమును విస్తరించియుండినచో, గ్రంథము నిజముగాఁ బొగత్రాగిన రోగికిని నుపకరించెడిది.

1989లో ఎయిడ్సు వ్యాధిపై వ్రాసిన రెండవ గ్రంథమున సాంటాగు తన రోగమును బేర్కొని, తోడిరోగుల సిగ్గును జూచియే పూర్వగ్రంథమునకుఁ బూనుకొంటినని తెలిపెను. ఆ భాగమును మొదటిదానితోఁ గలిపి చదువవలెను.