ఇంటికి చేరాల్సిన కబురు

ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లలంతా ఒకే గదిలో ఉండే మాంటిస్సోరి తరగతి నాది. సాయంత్రం ఇంటికెళ్లే వాళ్ల సంచీలో ఖాళీ టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పాఠ్యపుస్తకం ఉండదు. ఎర్ర సిరా టిక్కులున్న నోట్సు ఉండదు. డైరీలో ‘రేపు స్లిప్ టెస్టు’ అని రాసి ఉండదు. ర్యాంకు వేసిన ప్రోగ్రెస్ కార్డు అసలే ఉండదు. పక్క ఫ్లాట్ పిల్లాడికి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో వాడు బస్సు దిగేలోపే వాళ్లమ్మ ఫోనుకి వచ్చేస్తుంది. మా పిల్లల అమ్మానాన్నలకి అందే సమాచారం మాత్రం ఒక్కటే. ‘ఈరోజు స్కూల్లో ఏం చేశావ్ రా?’ అంటే ‘ఏం లేదు’.

అంత ఫీజు కట్టి, ఇంట్లో పెద్దవాళ్లతో మాటలు పడి, పరీక్షలు లేని బడిలో బిడ్డని వేసిన తల్లికి ఈ ‘ఏం లేదు’ ఎలా వినిపిస్తుందో ఊహించుకోవచ్చు. అప్పుడు ‘మమ్మల్ని నమ్మండి, పిల్లల్ని వాళ్ల దారిన ఎదగనివ్వండి’ అని చిరునవ్వు నవ్వడం మా టీచర్లలో చాలామందికున్న జబ్బు. మాంటిస్సోరి పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. ప్రతి పేటలోనూ ఒక బోర్డుంది. అలాంటప్పుడు లోపల ఏం జరుగుతోందని ఎవరైనా అడిగితే అది అనుమానం కింద లెక్క కాదు. అడక్కపోతేనే నాకు ఆశ్చర్యం.

పిల్లలు కావాలని దాయరు. పొద్దున మూడు గంటలపాటు ఎవరూ కదపకుండా తన పని తాను చేసుకున్న పిల్లకి ‘ఏం చేశావ్’ అన్నది మరీ పెద్ద ప్రశ్న. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? అందుకని శుక్రవారం నాడు నేనొక కాగితం పంపుతాను. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లీషు. ఆ వారం ఏ కథ చెప్పాను, ఏ పరికరం కొత్తగా బయటికి తీశాం, బడి దాటి ఎక్కడికైనా వెళ్లారా, అంతే. ఎవరు ఎంత సాధించారన్నది అందులో ఉండదు. అది చెప్పుకునే హక్కు పిల్లలది. నేను ముందే చెప్పేస్తే ఇంటికెళ్లి వాళ్లు చెప్పడానికేం మిగులుతుంది? ఇంట్లోవాళ్లకి నేనిచ్చేది అడగడానికి ఒక కొస మాత్రమే. ‘నల్లగుడ్డ సంగతి అడగండి’ అని రాస్తాను. ఏ నల్లగుడ్డో చెప్పను.

ఆ గుడ్డ సంగతి మీకు చెప్పొచ్చు. ఆరేళ్లు దాటిన పిల్లలకి మేం ఏటా కొన్ని పెద్ద కథలు చెబుతాం. విశ్వం ఎలా వచ్చింది, ప్రాణం ఎలా వచ్చింది, మనిషి ఎలా వచ్చాడు, రాత, అంకెలు ఎలా పుట్టాయి అని. మనిషి కథకి ముందు ఒక పొడవాటి నల్లగుడ్డ చుట్టని విప్పుకుంటూ పోతాం. అది భూమి వయసు. గది చాలదు, వరండా చాలదు, మెట్ల దాకా పోతుంది. పిల్లలు దాని పక్కనే నడుస్తారు. చిట్టచివర, ఇక అయిపోయింది అనుకున్నప్పుడు, సన్నని ఎర్ర పట్టీ ఒకటి కనిపిస్తుంది. అదే మనిషి. మా నాగరికత ఎంత పాతదో తెలుసా అని గొప్పలు పోయిన మన దేశపు పిల్లల కోసమే ఈ గుడ్డ పుట్టిందని ట్రైనింగులో చెప్పేవారు.

ఆ శుక్రవారం ఒక తాతగారు మనవణ్ణి అడిగారు, నల్లగుడ్డ ఏమిట్రా అని. వాడు గంటసేపు చెప్పాడట. సోమవారం పొద్దున్నే ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

‘ఏమ్మా, మావాడు వేదాలు, రామాయణం, భారతం అన్నీ కలిపి ఒక దారప్పోగులో పెట్టేశాడు. ఇదేం చదువు?’

‘మీరే చూద్దురుగాని రండి బాబాయిగారూ’ అన్నాను. మనవడు, వాడి జట్టు కలిసి వరండాలో మళ్లీ గుడ్డ పరిచారు. తాతగారు చెప్పులు విప్పి చివరిదాకా నడిచారు. వెనక్కి చుట్టే పని కూడా పిల్లలు ఆయనకే అప్పజెప్పారు. సగంలోనే నడుం పట్టేసింది. వాదన మాత్రం వదల్లేదు. యుగాల లెక్క వేరే ఉందని, ఆ లెక్కతో చూస్తే మా గుడ్డే పొట్టిదని అన్నారు. ఆ లెక్కేదో వచ్చి పిల్లలకి చెప్పమన్నాను. వచ్చారు. కలియుగం 4,32,000 ఏళ్లని, ద్వాపరం దానికి రెట్టింపని, త్రేత మూడింతలని, కృతం నాలుగింతలని బోర్డు మీద వేశారు. పెద్ద పిల్లలు నలుగురూ కలిసి ఆ నాలుగూ కూడితే 43,20,000 వచ్చింది. ఆ వారం మా తరగతిలో అంత పెద్ద కూడిక ఇంకోటి జరగలేదు. నేను ఉత్తరంలో అంతా విడమరిచి రాసేసుంటే ఆయన సోమవారం గేటు దగ్గరికి వచ్చేవారే కాదు.

ఇల్లూ బడీ ఇలా మాట్లాడుకోవడం కొత్తేమీ కాదు. ఈ పద్ధతికి పేరిచ్చిన మాంటిస్సోరి తన మొదటి బడి 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో తెరిచారు. కూలీనాలీ కుటుంబాలుండే బహుళ అంతస్తుల ఇంట్లోనే ఒక గది అది. అక్కడి నియమాల ప్రకారం టీచరు అదే భవనంలో కాపురముండాలి. తల్లులు వారానికి ఒక్కసారైనా ఆవిడతో మాట్లాడొచ్చు. ఇంట్లో బిడ్డ ఎలా ఉంటున్నాడో తల్లి చెప్పాలి, తర్వాత టీచరు సలహా ఇవ్వాలి. కబురు మొదట బయల్దేరేది ఇంటినుంచి అన్నమాట. టీచర్లలో చాలామందిమి ఇప్పుడు ఈ వరసని పూర్తిగా తలకిందులు చేశాం. పేరెంట్స్ మీటింగ్ అంటే టీచరు మాట్లాడ్డం, వాళ్లు తలూపడం.

మెట్ల మీద ఎదురుపడి మాట్లాడుకునే రోజులు మనకి లేవు. మా పిల్లలు ఊరికి ఆ చివర్నుంచి వ్యాన్లలో వస్తారు. అందుకని నా శుక్రవారం కాగితం కింద సగం ఖాళీగా వదిలేస్తాను, ఇంట్లోవాళ్లు రాసి సోమవారం పంపడానికి. ఎక్కువమంది రాయరు. కొందరు ‘ఓకే మేడం’ అని రాస్తారు. ఒకసారి ఒక తల్లి రెండు లైన్లు రాసింది: నానమ్మ ఊరెళ్లిపోయింది, రాత్రి పన్నెండయినా పడుకోవట్లేదు. ఆ పిల్ల వారం రోజులుగా ఏ పనీ పట్టకుండా గదిలో తిరుగుతుంటే నేను పాఠం కష్టమైందేమోనని చూస్తున్నాను. పాఠానికీ దానికీ సంబంధమే లేదు.

ఇక ఫోటోల గొడవ. ‘మిగతా స్కూళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఫోటోలు పెడతారు, మీరెందుకు పెట్టరు మేడం?’ ప్రతి జూన్‌లో కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. పనిలో మునిగిన పిల్ల మీదికి ఫోను పెట్టామంటే పని అక్కడితో ఆగి నవ్వు మొదలవుతుంది. ఫ్రేములో పక్కింటివాళ్ల పిల్లలు కూడా పడతారు. ఈ కారణాలు అందరూ చెప్పేవే. నాకు అసలు అభ్యంతరం వేరే ఉంది. చదువు ముందుకి పోయేకొద్దీ ఫోటో బోసిపోతుంది.

గుణకారాలకి చెకర్‌బోర్డు అని ఒకటుంది. దాని మీద గళ్లుంటాయి. ఒకట్లకి ఆకుపచ్చ, పదులకి నీలం, వందలకి ఎరుపు, వేలకి మళ్లీ ఆకుపచ్చ. 4,357ని 23తో గుణించాలనుకోండి. 4,357 అంకెలు బోర్డు కింది అంచున, 23 కుడి అంచున పెడతారు. ముందు మూడుతో మొదలు. ఏడు పూసల కడ్డీ తెల్లగా ఉంటుంది. పిల్ల అవి మూడు తీసి ఒకట్ల గడిలో పెడుతుంది. ఐదు పూసలది లేత నీలం, అవి మూడు పదుల గడిలో. అలా వేల దాకా వెళ్లి, పై వరసలో మళ్లీ ఇరవైతో మొదలుపెడుతుంది. పూర్తయ్యేసరికి బోర్డంతా ముగ్గేసినట్టుంటుంది. ఫోటో తీస్తే ఏ అమ్మయినా స్టేటస్ పెట్టుకుంటుంది.

కొన్ని వారాలు పోనివ్వండి. అదే పిల్ల మూడు తెల్లకడ్డీల జోలికి పోదు. ఒకట్ల గడిలో ఒక్క ఎర్రపూస, పక్కనున్న పదుల గడిలో రెండు పూసల ఆకుపచ్చ కడ్డీ పెట్టేసి ముందుకెళ్లిపోతుంది. ఏడు మూళ్లు ఇరవయ్యొకటి నోటికొచ్చేసింది, ఇక పూసలు లెక్కపెట్టక్కర్లేదు. బోర్డు సగం ఖాళీ. ఇంకొన్నాళ్లకి బోర్డే బయటికి తియ్యదు. గళ్ల కాగితం మీద పెన్సిలుతో, ‘ఒకటి వేశా, రెండు చేతిలో’ అనుకుంటూ 1,00,211 అని తేల్చేస్తుంది. నేను ఎదురుచూసిన రోజు అదే. ఆ రోజు ఫోటో తీస్తే కనిపించేది ఒక పెన్సిలు, ఒక కాగితం. ‘ఈ వారం మెటీరియల్ ఏమీ చెయ్యలేదా మేడం?’ అని మెసేజీ వస్తుంది.

అందుకే ఫోటోకి బదులు ఆ ఇంటికి రెండు ముక్కలు విడిగా రాస్తాను. కడ్డీలు లెక్కపెట్టడం మానేసింది, ఎనిమిదో ఎక్కం దగ్గర మాత్రం ఇంకా వేళ్లు కదులుతున్నాయి అని. ఈ రెండు ముక్కలు రాయాలంటే అరగంట ఆ పిల్లకి కాస్త దూరంగా కూర్చుని చేతులనే చూడాలి. ‘చక్కగా చదువుతోంది, చురుకైన పిల్ల’ అని రాయడానికి తరగతిలోకి వెళ్లక్కర్లేదు.

రేపు వేరే బడిలో ఆరో తరగతికి మారితే ఎలా అన్న భయం ఇంకొకటి. ఆరులోనే ఐఐటీ ఫౌండేషన్ అని ఫ్లెక్సీలు కట్టే చోట దీన్ని వెర్రి భయమనలేను. మా దగ్గర ప్రతి పిల్లకీ ఒక పని పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఏం చేసిందో తనే రాసుకుంటుంది. వారానికోసారి అది ముందేసుకుని నేనూ తనూ కూర్చుంటాం. ప్రభుత్వ సిలబస్‌లో ఆ వయసుకి ఏముందో ఆ జాబితా కూడా పిల్ల దగ్గరే ఉంటుంది. టర్ముకోసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాట్లాడేది నేను కాదు, తను. 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రోగ్రెస్ కార్డులో పిల్లల సొంత అంచనా, తోటిపిల్లల అంచనా ఉండాలంది. మంచి మాటే, ఫారంలో గళ్లు నింపి సంతకం పెట్టించుకోవడంతో సరిపెట్టకపోతే.

అలాంటి ఒక సమావేశంలో ఎనిమిదేళ్ల పిల్ల ‘నాకు పెద్ద భాగహారాల్లో శేషం వస్తే గందరగోళంగా ఉంటుంది నాన్నా, వచ్చే నెల అదే చేస్తా’ అంది. వాళ్ల నాన్న నా వైపు తిరిగారు. ‘మీరు ముందే చెప్పుంటే ట్యూషన్ పెట్టించేవాళ్లం కదండీ.’ నేను చెప్పకపోవడానికి అదే కారణమని ఆయనతో అనలేదు.

కబురు పంపకుండా ఉండాల్సినవీ ఉంటాయి. మూడేళ్లకి వచ్చి చాప వంకర లేకుండా చుట్టి పెట్టిన పిల్లే ఆరు దాటాక చెప్పులెక్కడ విడిచిందో మర్చిపోతుంది. పాలపళ్లు ఊడుతుంటాయి, మాట విసురుగా వస్తుంది. ఇది ఆ వయసు లక్షణమని చేరినప్పుడే ఇంట్లోవాళ్లకి చెప్పేస్తాను. ఆ వయసుకే వచ్చే ఇంకో గుణం న్యాయం అడగడం. ‘ఆంటీ, వాడు తన వంతు కాకుండా తీసుకున్నాడు’ అని రోజంతా నా దగ్గరికి వస్తూనే ఉంటారు. మాంటిస్సోరి దీన్ని చాడీ అనుకోవద్దన్నారు. ఏది మంచో ఏది చెడో తేల్చుకునే ప్రయత్నమది. గొడవలు తరగతి సమావేశంలో పిల్లలే తీర్చుకుంటారు. తీరిపోయినవి నేను ఇంటికి రాయను. అయినా రాత్రి తొమ్మిదింటికి ఫోనొస్తుంది, ‘మావాణ్ణి ఆటలో చేర్చుకోలేదంట’ అని. దెబ్బ తగిలినా, ఒకరినే పనిగట్టుకుని ఏడిపిస్తున్నా ఆ సాయంత్రమే నేనే ఫోన్ చేస్తానని వాళ్లకి మాటిచ్చాను. మిగతావాటికి ‘రేపు సమావేశంలో వాణ్ణే చెప్పమనండి’ అంటాను. కొందరికి ఇది కోపం తెప్పిస్తుంది. పర్వాలేదు.

ఈ మధ్య తొమ్మిదేళ్ల పిల్లలు శుక్రవారం ఉత్తరం మేమే రాస్తామన్నారు. సరేనన్నాను. ఒక పేజీ రాశారు. చెరువు గట్టుకి వెళ్లొచ్చిన సంగతి, పుస్తకాల అలమరకి చెదలు పట్టిన సంగతి, ఆఖర్న తల్లిదండ్రులకి ఒక విన్నపం: ‘మా ప్రాజెక్టు చార్టులు రాత్రిపూట మీరు చేయకండి, మీ చేతిరాత ఆంటీకి తెలిసిపోతోంది.’ వత్తులు కొన్ని పోయాయి, ‘ళ’ ఉండాల్సిన చోట ‘ల’ పడింది. ఒక్క అక్షరం దిద్దకుండా పంపాను. సోమవారం వచ్చిన ఫోన్లన్నీ వత్తుల గురించే. చార్టుల గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఫోన్ చేసినవాళ్లకి జవాబు రాసే పని కూడా ఆ జట్టుకే ఇచ్చాను. రెండో చిత్తుప్రతి మీద ఉన్నారు. నిఘంటువు ఎవరి దగ్గరుండాలన్న దాని మీద కొట్టుకుంటున్నారు.